యాభై ఒకటో ఏట తెలిసిన సంగతి

(సంస్థ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముందుగా రెండు విన్నపాలు. నేను కాగితం చూసి చదువుతాను. ఇన్నేళ్లుగా పాఠాలు చెప్తున్న మనిషికి కాగితమెందుకని మీరనుకోవచ్చు. లెక్కల పాఠమైతే అక్కర్లేదు. మనుషుల గురించి, అందులోనూ నా గురించి మాట్లాడాలంటే నాకు కాగితం కావాలి. రెండోది, దయచేసి మధ్యలో చప్పట్లు కొట్టకండి. ఏదైనా బాగుందనిపిస్తే చెయ్యెత్తండి, నాకు కనిపిస్తుంది. మైకు చూసే అబ్బాయికి ముందే చెప్పి సౌండు తగ్గించుకున్నాను. వెనక వరుసల వాళ్లకి వినపడకపోతే ముందుకొచ్చి కూర్చోండి. ఎప్పటిలాగే ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

నాకు ఆటిజం ఉంది. పుట్టినప్పటి నుంచీ ఉంది. ఉందని తెలిసింది మాత్రం 51వ ఏట. ఇప్పుడు నాకు 54. ఈ మాట మా ఇంట్లో ఆరుగురికి, బడిలో ఒక్కరికి మాత్రమే తెలుసు. ఇప్పుడు మీ అందరికీ తెలిసింది.

ఎలా తెలిసిందో చెప్తాను. మా పెద్దన్న మనవడికి నాలుగో ఏడు వచ్చినా మాటలు రాలేదు. పిలిస్తే పలకడు. బొమ్మ కారు ఇస్తే తిరగేసి చక్రం తిప్పుకుంటూ గంటలు గంటలు కూర్చుంటాడు. "వాళ్ల తాతకీ ఆలస్యంగానే వచ్చాయి, వస్తాయిలే" అని రెండేళ్లు గడిపారు. చివరికి హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్తూ, చదువుకున్న దాన్నని నన్ను తోడు రమ్మన్నారు. డాక్టరమ్మ పిల్లవాడి గురించి ప్రశ్నలు అడుగుతోంది. శబ్దాలకు చెవులు మూసుకుంటాడా? ఒకే రకం అన్నం తింటాడా? బట్టల వెనక గుచ్చుకునే లేబులుంటే గొడవ చేస్తాడా? దారి మారిస్తే ఏడుస్తాడా? పిల్లవాడి తల్లి జవాబులు చెప్తోంది. నేను పక్కన కూర్చుని ప్రతి ప్రశ్నకూ లోపల "అవును, నేను కూడా" అనుకుంటున్నాను. పదిహేనో ప్రశ్న దగ్గర ఆ మాట పైకే అనేశాను. డాక్టరమ్మ నవ్వలేదు. నా వైపు తిరిగి, "మీరు మళ్లీ ఒకసారి ఒంటరిగా రండి మేడమ్" అంది.

నేను వెళ్లడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈ వయసులో తెలుసుకుని ఏం చెయ్యాలి అన్నది ఒక సంగతి. తెలిస్తే మా అమ్మాయి పెళ్లికి అడ్డమొస్తుందేమో అన్నది అసలు సంగతి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆటిజాన్ని పట్టిచ్చే రక్తపరీక్ష లేదు. స్కానింగులో కనపడదు. మాటలతోనే తేలుస్తారు. ఇప్పుడెలా ఉన్నారు, చిన్నప్పుడెలా ఉండేవారు అని గంటల తరబడి అడుగుతారు. 2001లో కేంబ్రిడ్జి వాళ్లు తయారుచేసిన 50 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. ఈ రోజుల్లో చాలామంది దాన్ని ఫోన్లోనే నింపుకుని మార్కులు చూసుకుంటున్నారు. అది తలుపు తట్టడం వరకే పనికొస్తుంది. లోపలికి తీసుకెళ్లాల్సింది అనుభవం ఉన్న డాక్టరో, క్లినికల్ సైకాలజిస్టో. చిన్ననాటి సంగతులు చెప్పగలిగిన వాళ్లను వెంట తెమ్మంటారు. యాభై ఏళ్లు దాటాక అలాంటి వాళ్లు ఎందరికి మిగులుతారు? నా అదృష్టం కొద్దీ మా అమ్మ ఉంది. మూడేళ్ల కిందటి మాట, అప్పుడామెకు 76.

అమ్మ ఆ గదిలో కూర్చుని చెప్పినవి కొన్ని నాకే తెలియవు. నడక వచ్చిన కొత్తలో మడమలు నేలకు ఆనించకుండా మునివేళ్ల మీద నడిచేదాన్నట. చింతపిక్కలు ఇస్తే ఆడకుండా గడప పొడవునా వరసగా పేర్చేదాన్నట. ఎవరైనా ఒక్కటి కదిపితే మళ్లీ మొదటి నుంచీ పేర్చాలట. ఒకరోజు మా నానీ నన్ను, "దీని నోట్లో నువ్వుగింజ నానదు" అందట. నేను వంటింట్లోకి పోయి ఒక నువ్వుగింజ తెచ్చుకుని నోట్లో వేసుకుని, అన్నం కూడా తినకుండా సాయంత్రం దాకా నోరు మూసుకుని కూర్చుని, నానింది చూడమని నానీకి చూపించానట. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారట. నేను ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఏడ్చానట. డాక్టరమ్మ ఇదంతా రాసుకుంటుంటే అమ్మకు కోపం వచ్చింది. "ఇందులో రోగమేముందమ్మా? మా నాన్నా అంతే. ఆయన కంచం, ఆయన గ్లాసు, ఆయన కూర్చునే పీట ఎవరూ ముట్టకూడదు. పెళ్లిళ్లకు వచ్చేవాడు కాదు. ఆయన్నెవరూ ఆసుపత్రికి తీసుకుపోలేదే?" అంది.

ఆ మాటలో మా వంశచరిత్ర మొత్తం ఉంది. ఇది కుటుంబాల్లో నడుస్తుంది.

నేను చిన్నప్పుడు నరసరావుపేటలో చదువుకున్నాను. అప్పట్లో ఆర్టీసీ బస్సుల్లో రంగురంగుల కాగితం టికెట్లు ఇచ్చేవారు. ఆ టికెట్లు ఏరి నంబర్ల వరుసలో పెట్టుకోవడం నా లోకం. కోటప్పకొండ తిరునాళ్ల వచ్చిందంటే స్పెషల్ బస్సులు, వేలమంది జనం. ఆ గోలకి నేను రెండు రోజులు ఇంట్లోంచి కదిలేదాన్ని కాదు. మూడో రోజు తెల్లవారుజామున బస్టాండుకి పోయి నేలమీది టికెట్లన్నీ ఏరుకొచ్చేదాన్ని. రెండు బోర్న్‌విటా డబ్బాలు నిండాయి. నా పెళ్లికి ముందు వాటిని ఎవరో చెత్తలో పారేశారు. పెళ్లిలో నేను ఏడ్చింది పుట్టింటిని వదిలి వెళ్తున్నందుకని అందరూ అనుకున్నారు.

అప్పట్లో ఎవరూ ఎందుకు కనిపెట్టలేదని మీరడగవచ్చు. కనిపెట్టడానికి ఆ పేరు ఉండాలి కదా. అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి మొదట రాసింది 1943లో. మరుసటి సంవత్సరం వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అలాంటి పిల్లల గురించే రాశాడు. అది జర్మన్‌లో ఉండటంతో బయటి దేశాల వాళ్లు చాలాకాలం పట్టించుకోలేదు. 1981లో ఇంగ్లండులో లోర్నా వింగ్ అనే డాక్టరు దాన్ని వెలుగులోకి తెచ్చింది. ఆమె కూతురికి ఆటిజం ఉండేది. మాట బాగా వచ్చినా, చదువు బాగా వచ్చినా ఆటిజం ఉండవచ్చని వైద్యలోకం అర్థం చేసుకోవడం అక్కడి నుంచే మొదలు. 1981లో నేను పదేళ్ల పిల్లని. ఆ సంగతి ఇంగ్లండు నుంచి నరసరావుపేటకు రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. నేను బి.ఎడ్. చదివినప్పుడు ఎడ్యుకేషనల్ సైకాలజీలో డిస్టింక్షన్ వచ్చింది. ఈ మాట మాత్రం క్లాసులో విన్న గుర్తు లేదు. ఆడపిల్లల సంగతైతే మరీ. మగపిల్లవాడు మూల కూర్చుంటే ఏమైందని అడుగుతారు. ఆడపిల్ల మూల కూర్చుంటే బుద్ధిమంతురాలంటారు.

ఇక్కడ తల్లులున్నారు కాబట్టి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే, తల్లి ప్రేమ చూపకపోవడం వల్ల పిల్లలు ఇలా అవుతారని రాశారు. ఆ తల్లుల్ని ఫ్రిజ్‌తో పోల్చారు. అది తప్పని 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ పుస్తకం రాసి వాదించాడు. ఆయన కొడుకుకీ ఆటిజమే. తట్టు టీకా వల్ల వస్తుందని 1998లో ఒక వ్యాసం వచ్చింది. దాన్ని అచ్చేసిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. రాసిన డాక్టరుని ఆ దేశపు వైద్య మండలి రిజిస్టరు నుంచి తొలగించింది. తల్లి వల్లా రాదు, టీకా వల్లా రాదు. పిల్లలకు టీకాలు మానకండి. స్టెమ్ సెల్ చికిత్సని చెప్పి లక్షలు అడిగేవాళ్లు ఉన్నారు. ఆటిజానికి అది పనిచేస్తుందనడానికి రుజువు లేదు. మా పెద్దన్న అప్పు కాగితం రాయబోతుంటే ఆపాను. అందుకు నా మీద ఆరు నెలలు అలిగాడు.

ఇప్పుడు నా సంగతి. ఆటిజం ఉంటే ఎలా ఉంటుందని మా వారు అడిగారు. ఇరవై ఏడేళ్లు కాపురం చేశాక అడిగారు. ఇలా చెప్పాను. మీరు ఈ గదిలోకి వస్తే మీకు ముందు మనుషులు కనిపిస్తారు, ఫ్యాను చప్పుడు వెనక్కి పోతుంది. నాకు వెనక్కి పోయేది ఏదీ లేదు. ఫ్యాను, ట్యూబులైటు గుయ్యిమనడం, పక్కింటి మిక్సీ, ఎవరో పూసుకున్న అత్తరు, నా జాకెట్టు కుట్టు, మీ మాట అన్నీ ఒకే సైజు అక్షరాలతో అచ్చేసిన పేజీలాగా ఉంటాయి. అందులో మీ మాట ఏరుకుని చదవాలి. చదువుతూ మీ మొహం చూడాలి, నా మొహం సరిగ్గా పెట్టుకోవాలి, ఎంతసేపటికి జవాబు చెప్పాలో చూసుకోవాలి.

దీన్ని నేను నోటుపుస్తకాలతో నెగ్గుకొచ్చాను. నిజంగానే పుస్తకాలు. డిగ్రీలో మొదలుపెట్టాను. పరామర్శకు వెళ్తే అనాల్సిన మాటలు మూడు. పెళ్లిలో పెద్దవాళ్లను అడగాల్సిన ప్రశ్నలు ఐదు. స్టాఫ్ రూములో ఎవరైనా కొత్త చీర కట్టుకొస్తే అనాల్సిన మాట ఒకటి. కళ్లలోకి చూడటం నాకు సూర్యుణ్ని చూసినట్టుంటుంది. అందుకని రెండు కనుబొమల మధ్య చూడటం నేర్చుకున్నాను. ఎవరికీ తేడా తెలియదు. ఇప్పుడు చెప్పేశాను కాబట్టి ఇక మీకు తెలుస్తుంది. బడి నుంచి ఇంటికొచ్చి చీకటి గదిలో గంట పడుకునేదాన్ని. ఇంట్లో దాన్ని తలనొప్పి అన్నారు. నేనూ తలనొప్పే అనుకుని ఏళ్ల తరబడి మాత్రలు మింగాను.

అత్తగారింట్లో నా పేరు పొగరుబోతు. మా మరిది వలీమా రోజు ఇంటినిండా బంధువులు, గిన్నెల చప్పుడు, పాటలు, బిర్యానీ వాసన. నేను బియ్యం బస్తాలు పెట్టే కొట్లోకి పోయి తలుపేసుకున్నాను. ఇరవై నిమిషాలు. కొత్త తోడికోడలి పుట్టింటి వాళ్లు పెద్దకోడలేదని అడిగారట. ఆ ఇరవై నిమిషాలు ఇరవై ఏళ్లపాటు నా వెంట వచ్చాయి. నా మీద కోపం వచ్చినప్పుడల్లా మా అత్తగారు ఆ కొట్టు తలుపు గుర్తుచేసేది. ఆమె ఇప్పుడు లేదు. ఉంటే ఇది చెప్పేదాన్ని. నమ్మేదో లేదో.

డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చదివి మా వారు రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు ఎలక్ట్రీషియన్ని పిలిచి పెరటి వరండాలో ప్లగ్గు పెట్టించి, మిక్సీ అక్కడికి మార్చారు. మళ్లీ దాని గురించి ఒక్క మాట అనలేదు.

తెలిసినందుకు సంతోషించానా అని అడిగితే, మొదటి వారం గాలిలో తేలాను. నేను చెడ్డదాన్ని కాను, చేతకానిదాన్ని కాను, ఇలాంటి వాళ్లు లోకంలో లక్షలమంది ఉన్నారు! స్కాట్లండు గాయని సూసన్ బాయిల్ 2009లో టీవీ పోటీలో పాడి రాత్రికి రాత్రి లోకమంతా తెలిసింది. చిన్నప్పటి నుంచి ఆమెను మెదడు దెబ్బతిన్న మనిషి అన్నారు. తనకున్నది ఆస్పెర్గర్ సిండ్రోమ్ అని ఆమె 2013లో చెప్పింది. అప్పటికి యాభై దాటాయి. నా ఈడున తెలుసుకున్న మనిషి! ఆ పాట వీడియో నేను సౌండు లేకుండా ఎన్నిసార్లు చూశానో. రెండో వారం నుంచి దుఃఖం మొదలైంది. వెనక్కి వెళ్లి ఒక్కో రోజునీ మళ్లీ చూసుకోవడం. ఆ రోజు అలా జరిగింది ఇందుకా, ఈ స్నేహం పోయింది ఇందుకా అని. అది ఏడాది సాగింది. ఇంకా పూర్తిగా పోలేదు.

అలా వెనక్కి చూసుకుంటున్నప్పుడే ఒక పిల్లవాడు ఎదురొచ్చాడు. చాలా ఏళ్ల కిందట నా దగ్గర ఎనిమిదో తరగతి. పేరు చెప్పను. మా బడి గంట ఒక ఇనుప రైలుముక్క. అది కొట్టినప్పుడల్లా ఆ పిల్లవాడు రెండు చేతులతో చెవులు మూసుకుని బల్ల కిందికి వంగేవాడు. తరగతి అంతా నవ్వేది. లెక్క అడిగితే జవాబు సరిగ్గానే చెప్పేవాడు, కిటికీ వైపు చూస్తూ. నేను అతన్ని నిలబెట్టి, "నా కళ్లలోకి చూసి చెప్పు" అన్నాను. చూడలేదు. చూసేదాకా నిలబడమన్నాను. అలా ఒక రోజు కాదు, ఆ టర్మంతా. దసరా సెలవుల తర్వాత అతను బడికి రాలేదు. టీసీ కూడా తీసుకోలేదు. ఎక్కడో గ్యారేజీలో చేర్చారన్నారు.

ఆ గంట మోగితే నా పళ్లు జివ్వుమనేవి. ఆ పిల్లవాడి బాధ ఆ బడిలో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. మరి ఎందుకలా చేశాను? అందరికీ ఇంతే బాధ ఉంటుందని, అందరూ ఓర్చుకుంటున్నారని, ఓర్చుకోలేకపోతే లోకంలో బతకలేరని అనుకున్నాను. నాకు నేర్పిన పద్ధతిలోనే నేర్పాను. అతను ఇప్పుడు ముప్పై ఏళ్లవాడై ఉంటాడు. రెండు సెలవుల్లో గ్యారేజీలన్నీ తిరిగి వెతికాను. దొరకలేదు.

ఇంకో మాట కూడా దాచకూడదు. మా పెద్దన్న మనవడికి ఇప్పుడు ఎనిమిదో ఏడు. ఇంకా మాట్లాడడు. కావలసినవి బొమ్మల కార్డులు చూపించి అడుగుతాడు. రాత్రుళ్లు నిద్రపోడు. వాడి తల్లికి నా సంగతి చెప్పినప్పుడు ఆమె నన్నే చూస్తూ, "ఫూఫీ, మీకు ఉద్యోగముంది, పెళ్లయింది, పిల్లలున్నారు. మీదీ మా వాడిదీ ఒకటే అంటే నేనెలా నమ్మేది?" అంది. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. 2013లో అమెరికా మానసిక వైద్యులు పాత పేర్లన్నీ కలిపి ఒకే పేరు కిందికి తెచ్చి, ఎంత సాయం కావాలన్న దాన్ని బట్టి మూడు స్థాయిలు పెట్టారు. నాకు కావలసిన సాయం కొంచెం. వాడికి కావలసింది రోజంతా పక్కనే ఉండే మనిషి. నేను మైకు పట్టుకుని మాట్లాడుతున్నానని ఆటిజం అంటే ఇంతేనని మీరు అనుకుంటే ఆ తల్లికి అన్యాయం చేసినట్టు. కానీ ఒక్క లాభం జరిగింది. వాడు ఎందుకు ఏడుస్తున్నాడో ఇంట్లో అందరికంటే ముందు నాకు తెలుస్తుంది. మొన్న రంజాన్ పండగకి కొత్త పైజామా వేస్తే గంట ఏడ్చాడు. మొండితనమన్నారు. నేను తిరగేసి చూస్తే నడుము దగ్గర నైలాన్ దారం కుట్టు. కత్తిరించి మెత్తటి గుడ్డ వేశాను. ఊరుకున్నాడు. ఆ రోజు నుంచి వాడి తల్లి నాకు ఫోన్ చేస్తోంది, రోజుకి రెండుసార్లు. ఫోన్లో మాట్లాడటం నాకు కష్టం. అయినా ఎత్తుతున్నాను.

2012లో డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. ఆయనకీ ఆటిజం ఉంది. ఆటిజం ఉన్నవాళ్లు ఎదుటివాళ్లను అర్థం చేసుకోలేరంటారు, మరి ఎదుటివాళ్లు వీళ్లను అర్థం చేసుకుంటున్నారా అని ఆయన ప్రశ్న. రెండు వైపులా తెలియనితనం ఉన్నప్పుడు ఒక వైపు దాన్నే జబ్బంటున్నారని వాదన. నాకు లెక్కల మనిషిగా అది నచ్చింది. సమీకరణానికి రెండు పక్కలుంటాయి.

చట్టం సంగతి క్లుప్తంగా. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాలే ఉండేవి, ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేరింది. 2016 చట్టంలో 21 రకాలు చేర్చారు, అందులో ఆటిజం ఒకటి. 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంది. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. సదరం క్యాంపుకి వెళ్లడానికి సిగ్గుపడేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లకు పెళ్లి కాదంటారు. నేను నా కోసం తీసుకోలేదు, నాకు అవసరం పడలేదు. పిల్లవాడికి మాత్రం దగ్గరుండి ఇప్పించాను.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి మా అమ్మాయి దగ్గరికి వస్తాను. ఎమ్మెస్సీ చదివి ఉద్యోగం చేస్తోంది. ఒక మంచి సంబంధం వచ్చింది. మాటలు చాలా దూరం వచ్చాయి. సరిగ్గా అప్పుడే మన కార్యదర్శి గారు ఈ సభలో మాట్లాడమన్నారు. విద్య గురించి ఏదైనా చెప్పండి అన్నారు. నేను వేరే ఏదైనా చెప్పవచ్చు. పరీక్షల భయం గురించి నా దగ్గర సిద్ధంగా ప్రసంగం ఉంది, ఐదు చోట్ల చెప్పాను. పెద్దన్న అదే చెప్పమన్నాడు. "పెళ్లయ్యాక ఎంతైనా చెప్పుకో, ముందు మాత్రం వద్దు" అన్నాడు. నాకు అబద్ధం చెప్పడం రాదు, చెప్పకుండా ఊరుకోవడం కొంచెం వచ్చు. అమ్మాయిని అడిగాను. "నీకిష్టం లేకపోతే ఎక్కడా నోరెత్తను, నువ్వుగింజ నానేదాకా ఉంటాను" అన్నాను. అది నవ్వింది. రెండు రోజులు ఆలోచించుకుంటానంది. మూడో రోజు, "అమ్మీ, నేను వాళ్లకు చెప్పేశాను. నువ్వు మాట్లాడు" అంది. అబ్బాయికి ఫోన్ చేసి మా అమ్మకు ఆటిజం ఉంది, మా ముత్తాతకూ ఉండి ఉండవచ్చు, నాకు పుట్టే పిల్లలకూ రావచ్చు, రాకపోవచ్చు అని వరసగా చెప్పిందట. అచ్చం నాలాగే చెప్పింది. అబ్బాయి సరేనన్నాడు. పెద్దవాళ్లతో మాట్లాడి చెప్తానన్నాడు. అది జరిగి పదకొండు రోజులైంది. ఇంకా కబురు రాలేదు. మా ఇంట్లో ఫోన్ మోగితే ఇప్పుడు అందరూ ఉలిక్కిపడుతున్నారు. ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే ఉలిక్కిపడేదాన్ని.

ఇక నేను ఈ సభలో మాట్లాడటానికి ఒప్పుకున్న అసలు కారణం. మన స్కాలర్‌షిప్ ఎంపిక కమిటీలో నేను ఆరేళ్లుగా ఉన్నాను. ఇంటర్వ్యూకి 20 మార్కులు. అందులో 'చురుకుదనం, ఆత్మవిశ్వాసం' అన్న గడికి 5. నాలుగేళ్ల కిందట ఒక అమ్మాయి వచ్చింది. పదో తరగతి మార్కులు చాలా బాగున్నాయి. హాల్లో రెండు గంటలు కూర్చున్నాక పిలిచాం. తల ఎత్తలేదు. అడిగినదానికి ఒక్క మాటలో జవాబు. దుపట్టా అంచు వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. మేం ముగ్గురం ముగ్గురూ ఆ గడిలో ఒకటి వేశాం. నేనూ ఒకటే వేశాను. ఆమెకు స్కాలర్‌షిప్ రెండు మార్కుల తేడాతో పోయింది. ఆమెకు ఆటిజం ఉందని నేను అనడం లేదు, అది నాకు తెలియదు. కొత్తచోట భయపడి ఉండవచ్చు. ఆ రోజు పొద్దున ఏమీ తినకపోయి ఉండవచ్చు. నాకు తెలిసింది ఒక్కటే. అవతలి కుర్చీలో నేను కూర్చుని ఉంటే నాకూ ఒకటే వచ్చేది.

కాబట్టి కమిటీకి ఒక కాగితం రాసి తెచ్చాను. ఆ గడి తీసేయండి. ఆ ఐదు మార్కులు చదువు మార్కులకో, కుటుంబ పరిస్థితికో కలపండి. ప్రశ్నలు ముందురోజు రాతలో ఇవ్వండి. రాసి జవాబు ఇస్తామన్న వాళ్లను రాయనివ్వండి. ఎవరెప్పుడు రావాలో టైము చెప్పి పిలవండి, అందర్నీ పొద్దున తొమ్మిదికి రమ్మని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టకండి. తల్లో తండ్రో పక్కన కూర్చుంటే అభ్యంతరం పెట్టకండి. వీటికి పైసా ఖర్చు లేదు. ఆఫీసులో పాత రిజిస్టరు ఉంది. నాలుగేళ్ల కిందటి పేజీ తీసి, ఆ ఐదు మార్కులు పక్కన పెట్టి మళ్లీ కూడాను. ఆ అమ్మాయి జాబితాలో మూడో స్థానంలో ఉంటుంది. ఆమె చిరునామా ఇంకా అదే అయితే, ఈ సంవత్సరం ఆమెను మళ్లీ పిలవాలని కోరుతున్నాను. కాలేజీలో చేరిందో లేదో కనుక్కునే పని నేనే చేస్తాను. ఫోన్లో కాకుండా వెళ్లి కనుక్కుంటాను.

కాగితం కార్యదర్శి గారికి ఇస్తున్నాను. ఇంటర్వ్యూలు వచ్చే నెలలోనే కాబట్టి ఈ సమావేశంలోనే నిర్ణయం తీసుకుంటే బాగుంటుంది. ఇంకో చిన్న సంగతి, కాగితంలో రాయడం మర్చిపోయాను. ఇంటర్వ్యూలు జరిగే ఈ హాల్లో ఎడమవైపు రెండో ఫ్యాను ప్రతి తిప్పుకీ కిర్రుమంటోంది. ఆరేళ్లుగా అంటోంది. దయచేసి ఆ లోపల దాన్ని బాగుచేయించండి.